దుమ్ములగొండికి దిష్టి

ఆఫ్రికా పోవాలంటే నిజామాబాద్ బస్టాండ్‌లో బోధన్ బస్సు ఎక్కాలె. పాస్‌పోర్టు అక్కర్లేదు, మోచేతులు గట్టిగుంటే చాలు. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. కాబట్టి సగం దూరం ఒంటికాలి మీద చేసిన ఈ యాత్రను, ఇంకా అటు పోనివాళ్ల కోసం రాస్తున్న.

నేను కంఠేశ్వర్‌లో ఒక ఫ్లెక్సీల దుకాణంలో పనిచేస్త. పుట్టినరోజైనా సంతాపమైనా మా దగ్గర ఫొటో అదే, చుట్టూ పూల రంగు మారుస్తం. మొన్న ఎండాకాలం ముందర ఒక సేటు వచ్చిండు. బోధన్ తొవ్వలో ఫంక్షన్ హాలు కట్టి, పెండ్లికొచ్చిన పిల్లలు ఆడుకునేటందుకు పక్కన ఫైబర్ బొమ్మల తోట పెట్టిండట. జిరాఫీ, నీటిగుర్రం, నిప్పుకోడి, అన్నీ ఆఫ్రికావే. ఎందుకంటే అమ్మేటోని దగ్గర అవే మిగిలినయట.

ఒక్కో బొమ్మ ముందర చేత్తో రాసిన పేరు పలక కావాలె. పెండ్లిళ్లకు అన్ని దిక్కుల నుంచి వస్తరు కనుక తెలుగు, ఉర్దూ, మరాఠీ. "ఇంగ అక్కడోళ్లు ఏమంటరో గది గూడ రాయి. క్లాస్‌గ ఉంటది" అన్నడు.

ఫోన్‌లో చూస్తే దొరకదా అంటరు. చూసిన. నీటిగుర్రానికి ఫోన్ మూడు పేర్లు చెప్పింది, అందులో ఒకటి బర్రెది. మా దుకాణం ఓనర్ అప్పుడు చెప్పిండు: బోధన్ దాటినంక సాలూర దిక్కు పెంటయ్య అని ఒకాయన ఉన్నడు, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసెటోడు, ఇక్కడ పని తగ్గినంక కెన్యా పోయి ఏండ్లకేండ్లు అక్కడ చక్కెర వండొచ్చిండు, జంతువుల పేర్లు నోటికున్నయి అని.

బస్సులో మూడు గుర్రాలు

ఎడపల్లి దాకా ఎవరితో మాట్లాడలేదు, ఎందుకంటే ఒకరి సంచి నా మూతికి అడ్డమున్నది. సంచి దిగినంక, దాని వెనుక నుంచి బిలోలి పోయే ఒక మరాఠీ కాక కనబడ్డడు. మనకు కొత్త మనిషి దొరికితే ఏ ఊరు, ఎవరోళ్లు అని అడుగుడు ఆచారం. నేను మాత్రం నీటిగుర్రాన్ని మరాఠీలో ఏమంటరని అడిగిన. ఆయన నన్ను ఒకసారి, నా చెప్పులను ఒకసారి చూసి, "పాణ్‌ఘోడా" అన్నడు. వెనుక సీట్లో టోపీ పెట్టుకున్న పెద్దాయన అడగకుండనే, "ఉర్దూల దరియాయీ ఘోడా" అన్నడు.

అంటే మూడు భాషలోళ్లం కూడబలుక్కొని దాన్ని గుర్రమనుకున్నం. ఒక్కరం గూడ చూసినోళ్లం కాదు. గుర్రం ఈ సంగతి వింటే పరువునష్టం దావా వేస్తది.

నిప్పుకోడి దగ్గరికొచ్చేసరికి ఏకాభిప్రాయం పోయింది. మరాఠీల అది శహామృగ్, అంటే మృగం. ఉర్దూల శుతుర్‌ముర్గ్, అంటే ఒంటెకోడి. మనం నిప్పు అన్నం. నిప్పు ఎందుకని ముందు నిలబడ్డ ఒకామె అడిగింది. నాకు తెల్వదన్న. "తెల్వకుండనే రాస్తున్నవా?" అన్నది. పేపరోళ్లు గూడ అంతే గదక్కా అంటే, బస్సు కొంచెం నవ్వింది. బోధన్ వచ్చేదాకా జిరాఫీ, సింహం, ఖడ్గమృగం అన్నీ వచ్చినయి. దిగేటప్పుడు మరాఠీ కాక నా భుజం మీద చెయ్యేసి, పనైనంక ఏదైనా ఉద్యోగం చూసుకొమ్మని చెప్పిండు.

చుట్టంలా చెరుకు

బోధన్‌లో దిగితే ముందు చెరుకురసం తాగాలని నా పద్ధతి. గ్లాసు ఇరవై. నిజామాబాద్‌లో గూడ ఇరవయ్యే, కాని అక్కడ సగం మంచుగడ్డ. బండి ఆయనను ఈ చెరుకు ఏ ఊరిదని అడిగితే, నది అవతలి ఒడ్డుదన్నడు, మహారాష్ట్రది. ఇక్కడ చాలామంది వరికి మళ్లిండ్రట. చక్కెర పేరు చెప్పుకొని బతికిన ఊర్లె చెరుకు ఇప్పుడు చుట్టంలెక్క వచ్చిపోతున్నది. దూరంగ మూతబడ్డ ఫ్యాక్టరీ గొట్టం కనబడ్డది. ఇక్కడ నేను నిట్టూర్చాలె. నిట్టూర్చబోతుంటె నా చెప్పు తెగింది.

చెప్పు కుట్టిచ్చుకుంటూ తిన్న మిర్చి బజ్జీల సంగతి గూడ చెప్పాలె. మా దిక్కు మిర్చిలో చింతపండు, వాము పెడతరు. ఇక్కడ ఏమీ పెట్టలే, మిరపకాయను మిరపకాయలెక్కనే ఉంచిండ్రు. నిజాయితీ అంటే ఏందో నాకు ఆ రోజు నాలుకకు తెలిసింది. కండ్లల్ల నీళ్లతోని ఆటో ఎక్కితే డ్రైవర్ అన్న, "చావుకు పోతున్నవా తమ్మీ?" అని మెల్లగ అడిగి, ఊరొచ్చేదాకా పాటలు బంద్ చేసిండు. నేను గూడ నిజం చెప్పలేదు. మంచి మనిషిని సిగ్గుపరచుడెందుకు.

పెంటయ్య వాకిలి

పెంటయ్య బక్కగ, పొడుగ్గ ఉన్నడు. అరవై దాటిన మనిషి. కాళ్లు కడుక్కొమ్మని నీళ్లిచ్చి, రేకుల కింద మంచమేసిండు. ఆయన భార్య గంగవ్వ జొన్నరొట్టెలు కొడుతున్నది. గడప దగ్గర వాళ్ల బిడ్డ లావణ్య పసిపిల్లగాన్ని ఒళ్లె పెట్టుకొని కూసున్నది. కాన్పుకు తల్లిగారింటికి వచ్చిందన్నట్టు.

ఇక్కడ నేనొక తప్పు చేసిన. పట్నంలో పసిపిల్లను చూడంగనే ఏమంటమో అదే అన్న: "అబ్బ, బాబు మస్తుగున్నడక్కా. బుగ్గలు చూడు, బూరెలున్నట్టున్నయి."

రొట్టె చప్పుడు ఆగింది. లావణ్య కొంగు తీసి పిల్లగాని మొఖం మీద కప్పింది. గంగవ్వ లేచి, చేతులు గూడ కడుక్కోకుండ లోపలికి పోయి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి పిల్లగాని చుట్టూ తిప్పి పొయ్యిల పడేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాకుంటే దిష్టి గట్టిగ ఉన్నట్టు లెక్క. అందరు నా దిక్కు చూసిండ్రు. నేను నా చెప్పు దిక్కు చూసిన.

పెంటయ్య నన్ను వాకిట్లకు తీసుకపోయి మెల్లగ చెప్పిండు. లావణ్యకు ఇది మూడో కాన్పు. ముందటి ఇద్దరు నెల నిండకముందే పోయిండ్రు. ఇద్దరికీ ఫోన్‌లో వెతికి ముందుగాలనే మంచి మంచి పేర్లు అనుకొని పెట్టుకున్నరట. ఈ పిల్లగానికి తెల్లారితే ఇరవై ఒకటో దినం, తొట్టెల్ల వేసి పేరు పెట్టాలె. పేరే లేదు. పిల్లలు దక్కని ఇంట్ల మన దిక్కు చేసినట్టే పెంటడని పెడదామని గంగవ్వ పట్టు. చావు గూడ ముట్టనంత పనికిరాని పేరుంటే పిల్లగాడు మిగులుతడని నమ్మకం. "మీ బాపు బతకలేదా గా పేరుతోని?" అంటదట. లావణ్య వినదు. బడిల పిల్లలు పెంటోడా అని పిలుస్తరు, కావాలంటే బాపునే అడుగు అంటదట. మంచి పేరు పెట్టనియ్యదు, చెడ్డ పేరు పెట్టనియ్యదు. పిల్లగానికి ఊపిరాడుతున్నదా అని ఘడియకోసారి ముక్కు కింద వేలు పెట్టి చూస్తది.

"మరి నువ్వేమంటవు బాపూ?" అని అడిగిన.

"నేనేమంట. బడిల ఏమని పిలిచిండ్రో నాకు యాదికున్నది" అన్నడు.

నా ఆఫ్రికా పలకలు నాకప్పుడు చాలా చిన్నగ కనబడ్డయి. అయినా సంచిలకెల్లి కాగితం తీసిన. వచ్చిన పని అది గదా.

ఆయన పెట్టిన పేర్లు

పేర్లు చెప్పేటప్పుడు పెంటయ్యకు వయసు తగ్గింది. అక్కడోళ్ల స్వాహిలి భాషల నీటిగుర్రం కిబోకో. జిరాఫీ ట్విగా. చారలగుర్రం పుండా మిలియా, అంటే చారల గాడిద. మనం దానికి గుర్రమని ప్రమోషన్ ఇచ్చినమన్నట్టు.

నాకు ఇంకా నచ్చినవి, ఫ్యాక్టరీల బోధన్ మనుషులు వాటికి పెట్టుకున్న సొంత పేర్లు. జిరాఫీ లైన్‌మన్. తోక నిక్కబెట్టి ఉరికే అడవిపంది ఏంటెన్నా పంది. వైల్డ్‌బీస్ట్ అనే జంతువు ఉంటదట, మొఖం ఒకదానిది, వీపు ఒకదానిది, గడ్డం ఇంకొకదానిది. దాని పేరు సెకండ్‌హ్యాండ్ బర్రె. నీటిగుర్రాన్ని మాత్రం ఆఫీసర్ సాబ్ అనెటోళ్లట. పొద్దంత నీళ్లల్ల కదలకుండ పండుకుంటది, పొద్దుగూకినంక లేచి చెరుకు తోటల పడితె ఎవ్వరు ఆపలేరు. నేను ఇవన్నీ రాసుకున్న. సేటు పలక మీదికి ఇవి రావు, అదే బాధ.

లావణ్య గడప దగ్గర నుంచే వింటున్నది. ఏంటెన్నా పంది దగ్గర పెదవి కొంచెం కదిలింది. నవ్వు అనలేను, నవ్వుకు దరఖాస్తు పెట్టినట్టున్నది.

తిట్టు

పొయ్యి దగ్గర మళ్లీ ఉప్పు వేసిండ్రు, మళ్లీ ఘాటు రాలేదు. గంగవ్వ వచ్చి నా ముందర నిలబడ్డది.

"మంచిగున్నడని నువ్వే అన్నవ్. నీ నోటితోనే తిట్టు. లేకుంటే పోదు."

పసిపిల్లగాన్ని తిట్టుడు అంత సులువు కాదు. నల్లగున్నడన్న. "గది తిట్టా?" అన్నది. కోతి లెక్కున్నడన్న. ఆంజనేయస్వామిని ఎందుకు మధ్యల తెస్తవని కోప్పడ్డది. పంది అంటే అవతారమట. ఎలుక గణపతిది, గుడ్లగూబ లక్ష్మిది, కుక్క భైరవునిది, గాడిద గూడ ఒక అమ్మవారి వాహనమే. బర్రె అనబోయి, ఆ ఇంట్ల యముని బండి పేరెత్తుడు మంచిది కాదని ఆగిన. మన దేవుళ్లు తిట్టుకు పనికొచ్చే జంతువును ఒక్కదాన్ని గూడ ఖాళీ ఉంచలేదు.

దిక్కులేక బొమ్మల పేర్ల కాగితం చూసిన. ఏ దేవుడు ఎక్కనిది ఒకటి కనబడ్డది.

"దుమ్ములగొండి" అన్న. "వీడు దుమ్ములగొండి. దుమ్ములు కొరికే మొఖం, దొంగ నడక, వంకర నవ్వు. వీన్ని ఎవ్వరు ముట్టరు."

దుమ్ములంటే ఎముకలు. హైనాకు మనవాళ్లు పెట్టిన పేరది. గంగవ్వ మొఖం తేలికైంది. ఈ సారి పొయ్యిల ఉప్పు పటపట పేలింది, ఘాటుకు అందరం దగ్గినం. పెంటయ్య మాత్రం దగ్గలేదు. మంచం పట్టె పట్టుకొని నా దిక్కే చూస్తున్నడు.

"ఎంబీటి" అన్నడు.

పెంట, హైనా

అది ఆయన షిఫ్టుల పనిచేసిన మనిషి పేరట. కాంబా అనే జాతి మనిషి, వాళ్ల మాటల ఎంబీటి అంటే హైనా. పెంటయ్య అక్కడికి పోయిన కొత్తల ఎవరో ఆయన పేరుకు అర్థమేందని అడిగిండ్రు. ఇంత దూరం వచ్చినంక ఎవరికి తెలుస్తదని, బంగారమని చెప్పిండట. ఆ ఎంబీటి మాత్రం అడగకున్నా చెప్పిండట, నా పేరు హైనా అని. సిగ్గు లేదారా అంటే, ఎందుకు సిగ్గు అన్నడట. నాకంటే ముందు పుట్టినోళ్లు పోయిండ్రు, నేను పుట్టినంక మా అమ్మ నన్ను హైనా అన్నది, పిల్లలను ఎత్తుకపోయే హైనా గూడ తన పిల్లను తినదు గదా అన్నడట.

"గప్పుడు చెప్పిన బిడ్డా ఆనికి" అని పెంటయ్య లావణ్య దిక్కు తిరిగిండు. "నన్ను గూడ పుట్టంగనే పెంటకుప్ప మీద పండబెట్టిండ్రు, పక్కింటామె చాటల ఎత్తుకొచ్చి మా అమ్మకే నూకలకు అమ్మింది, నా పేరు బంగారం కాదు అని. ఆడు గంటసేపు నవ్విండు. పండ్రెండేండ్లు ఆడు హైనా, నేను పెంట. ఇద్దరం కలిసి చక్కెర వండినం."

గంగవ్వ పొయ్యి మరిచిపోయి విన్నది. నేను గూడ. నాకిది అరుదు.

లావణ్య అడిగింది. ఆ ఇంటికి వచ్చినంక నేను విన్న ఆమె మొదటి మాట అది.

"ఆయన ఉన్నడా బాపూ?"

"నిరుడు ఫోన్ చేసిండు. మోకాళ్ల నొప్పులట."

మోకాళ్ల నొప్పులు. ఆ ఇంట్ల అంత మంచి వార్త చాలా రోజులుగ ఎవ్వరు విన్నట్టులేదు. ఒక తల్లి హైనా అని పిలిచిన పిల్లగాడు మోకాళ్లు అరిగేదాకా బతికిండు. లావణ్య ఆ పేరును నోట్లనే ఒకసారి, రెండుసార్లు అనుకున్నది. తర్వాత మెల్లగ అన్నది, బడిల ఎవనికీ దీని అర్థం తెల్వదు గదా అని.

గంగవ్వ ఒప్పుకోలేదు. అర్థం తెల్వకుంటే ఏం ఫాయిదా అన్నది. బడి పిల్లలకు తెల్వకుంటే మంచిదే, "మన యమునికెట్ల తెలుస్తది గా దేశం మాట?"

"తెలుస్తది" అన్నడు పెంటయ్య. "గాడ గూడ గాయనదే డ్యూటీ."

నా చివరి బస్సు ఈ చర్చలో పోయింది. ఎవ్వరు పట్టించుకోలేదు, నేను గూడ. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టిండ్రు. మా ఇంట్ల చుట్టమొస్తే అన్నం ముందర పెట్టి, ఇంకొంచెం ఇంకొంచెం అని బతిమిలాడుతరు. ఇక్కడ బతిమిలాడుడు లేదు, అడగకుండ ఇంకో రొట్టె వచ్చి పడుతది. తిట్టినోడు తెల్లారి ఉండాలె అన్నది గంగవ్వ. అంత మర్యాదగ నన్నెవరు ఆపలేదు ఇప్పటిదాకా.

తొట్టెల

తెల్లారి లావణ్య భర్త బండి మీద వచ్చిండు. ఆయనకు సంగతి చెప్తే, హైనానా అని ఒక్కటే మాట అడిగి, లావణ్య మొఖం చూసి, సరే అన్నడు. పెండ్లయినంక మనుషులకు తెలివి వస్తదని విన్న, అప్పుడు చూసిన.

నలుగురు ఆడవాళ్లు పాత చీరతో కట్టిన తొట్టెల దగ్గర పాట పాడిండ్రు. కంఠేశ్వర్‌లో ఇప్పుడు దీనికి గూడ మేమే ఫ్లెక్సీ వేస్తం, బెలూన్లు కడతరు, పిల్లగాడు మూడు డ్రెస్సులు మారుస్తడు. ఇక్కడ పిల్లగానికి డ్రెస్సే లేదు. బయటోళ్లు చూస్తరని మసిగుడ్డలాంటి ఒక బట్ట చుట్టిండ్రు. మేనత్త వచ్చి చెవిల పేరు చెప్పాలె, కాని లావణ్య అడ్డం తిరిగింది. నేనే చెప్త అన్నది. వంగి చెప్పింది. అందరం చెవులు రిక్కించినం, ఎవ్వరికి వినబడలేదు. పిల్లగానికి వినబడ్డది. వెంటనే తుమ్మి, ఆ తర్వాత వాళ్ల నాయన ప్యాంటు మీద తన అభిప్రాయం చెప్పిండు.

నా సంచిల బెల్లమన్నం డబ్బా పెట్టి పంపిండ్రు. వచ్చేటప్పుడు వాకిట్ల నిలబడి, పిల్లగాన్ని చూసి, "ఛీ, ఏమన్న మొఖమా ఇది" అన్న. గంగవ్వకు నేను చాలా బాగ నచ్చిన.

తోట

పలకలు రాసుడు ఇంకో నెలకు కుదిరింది, సేటు తోటల్నే. ఉర్దూ అక్షరాలు మా దుకాణంల వేరే భాయ్ రాస్తడు, మిగతావి నేను. హైనా పలక మీద దుమ్ములగొండి, లకడ్‌బగ్గా, తరస్ అని రాసి, స్వాహిలిల ఫిసి అని రాసి, అడుగున సేటు అడగని ఇంకో వరుస వేసిన. ఎంబీటి.

ఆ వరుస నల్లరంగు ఆరకముందే పెంటయ్య వాళ్లు వచ్చిండ్రు. నిజామాబాద్ దవాఖానల పిల్లగానికి సూది వేయించి, పోతపోత దిగిండ్రట. పిల్లగాడు రెండో నెలల పడ్డడు. బుగ్గల గురించి నేనేమీ చెప్పను.

గంగవ్వ లైన్‌మన్ను చూడలేదు, ఆఫీసర్ సాబ్‌ను చూడలేదు. నేరుగ దుమ్ములగొండి ముందరికి పోయి నిలబడ్డది. ఫైబర్‌ది. ఒక చెవి విరిగి, వంకరగ అతికిచ్చిండ్రు. చానసేపు చూసింది. తర్వాత దాని గదుమ పట్టుకున్నది.

"ఎంత సక్కగున్నవ్ బిడ్డా" అన్నది. "ఏం కండ్లు, ఏం బుగ్గలు. సందమామ లెక్కున్నవ్. నా బంగారమా. నిండు నూరేండ్లు ఉండు."

దాని తల చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. ఇన్ని రోజులు పిల్లగానికి చెప్పకుండ దాచుకున్నదంతా ఆ బొమ్మకు చెప్పింది. లావణ్య జిరాఫీ దిక్కు తిరిగి కండ్లు తుడుచుకున్నది. రంగు వాసన కండ్లకు కొట్టిందట.

తర్వాత పలక మీద మనుమని పేరు ఎక్కడున్నదో చూపెట్టమన్నది గంగవ్వ. ఆమెకు చదువు రాదు. అడుగు వరుస చూపెట్టిన. నేను ఆపేలోపు మొదటి అక్షరాన్ని వేలితోని నిమిరింది. వేలికి నలుపంటింది. ఒకసారి వేలు చూసుకొని, పిల్లగాని అరికాలు పట్టుకొని, ఆ నలుపుతోని అక్కడ గుండ్రంగ చుక్క పెట్టింది.

ఆ పలక మీద ఆ అక్షరం ఇప్పటికీ చెదిరే ఉన్నది. సరిచెయ్యమని సేటు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నడు. వచ్చే వారం వస్త అంటున్న.